స్వయంచాలక సాఫ్ట్‌వేర్ విడుదల: క్లౌడ్ పైప్‌లైన్ నిర్మాణం, తెలుగు లిపి పరీక్షలు

ఉపోద్ఘాతం:

సాఫ్ట్‌వేర్‌ను రాయడం ఒక పని. దానిని దోషం లేకుండా వినియోగదారులకు చేర్చడం మరొక పని. ఈ రెండవ పనిని మనుషులు చేతితో చేసినప్పుడు ఒక్క అంచె తప్పినా నష్టం తీవ్రంగా ఉంటుంది. అమెరికాలోని నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపారసంస్థ కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్లలో చేర్చవలసి ఉండగా, ఒకదానిలో చేర్చడం మరచిపోయింది. ఫలితంగా 2012 ఆగస్టు 1న సుమారు 45 నిమిషాలలో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయింది. ఇటువంటి పొరపాట్లను నివారించే ఏర్పాటే స్వయంచాలక విడుదల పైప్‌లైన్. దాని నిర్మాణాన్ని వివరించి, అందులో తెలుగు పరిశోధకుల పాత్రను నిర్దేశించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పైప్‌లైన్ నిర్మాణక్రమం:

ఒక తెలుగు నిఘంటువు వెబ్‌సైట్‌ను ఉదాహరణగా తీసుకుంటే, దాని కోడ్ మొత్తం ముందుగా గిట్ రిపోజిటరీలో ఉండాలి. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన గిట్ ప్రతి మార్పునూ, చేసినవారి పేరునూ, సమయాన్నీ నమోదు చేస్తుంది. పాఠపరిష్కర్తకు ప్రతుల చరిత్ర ఎంత అవసరమో, విడుదలకు ఈ నమోదు అంత అవసరం.

రెండవది ఆదేశాల ఫైలు. ఏ మార్పు జరిగినప్పుడు ఏ పనులు ఏ వరుసలో జరగాలో అందులో రాస్తారు. గిట్‌హబ్ యాక్షన్స్ వంటి సేవలు దానిని చదివి, క్లౌడ్‌లో ఒక తాత్కాలిక కంప్యూటర్‌ను తెరిచి, ఆ పనులు చేయించి, ముగియగానే మూసివేస్తాయి. పాస్‌వర్డ్‌లను ఈ ఫైలులో రాయకూడదు. వాటిని సేవలోని రహస్యనిధిలో వేరుగా భద్రపరచాలి.

మూడవది కూర్పు. కోడ్‌నూ, దానికి అవసరమైన ఉపకరణాలనూ కలిపి ఒకే కంటైనర్‌గా మలుస్తారు. పరీక్షించిన కంటైనరే యథాతథంగా విడుదల కావాలి, మళ్లీ కూర్చకూడదు. నాలుగవది పరీక్ష. ఒక్క పరీక్ష విఫలమైనా పైప్‌లైన్ అక్కడే ఆగిపోతుంది. చివరిది విడుదల. ముందు నమూనా సర్వర్‌లో పరిశీలించి, బాధ్యుల ఆమోదం పొంది, కొద్దిమంది వినియోగదారులకు, ఆపై అందరికీ అందిస్తారు. దోషం బయటపడితే వెనక్కి మళ్లడానికి పాత కూర్పును సిద్ధంగా ఉంచుతారు.

తెలుగు లిపి – పరీక్షల ఆవశ్యకత:

యంత్రం తనకు రాసి ఇచ్చిన పరీక్షలనే చేస్తుంది, రాయని దానిని ఊహించలేదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లలో ఎదురైన సమస్య ఇందుకు నిదర్శనం. జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక విభాజక సంకేతం, ఆకారపు గుణింతగుర్తు అనే ఐదు సంకేతాల వరుస తెరపైకి రాగానే అప్లికేషన్లు మూతపడ్డాయి. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ద్వారా దీనిని సరిచేసింది. ఈ విభాజకం తెలుగులో అరుదైనది కాదు. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో వకారం వత్తుగా మారకుండా ఆపేది అదే.

నిఘంటువు పైప్‌లైన్‌కు మరొక పరీక్ష కూడా అవసరం. ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగానూ, ఎత్వం గుర్తు, ఐత్వపు కింది గుర్తు అనే రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. 'కైత' అన్న పదం రెండు విధాలా తెరపై ఒకేలా కనిపిస్తుంది. కాని ఈ రెండింటినీ సమానంగా గుర్తించేలా ప్రోగ్రామ్ రాయకపోతే, ఒక రూపంలో వెతికినవారికి రెండవ రూపంలో ఉన్న ఆరోపం దొరకదు. పదం నిఘంటువులో ఉన్నా లేనట్లే అవుతుంది. కంటికి ఆనని ఈ దోషాన్ని ప్రతి విడుదలలోనూ పట్టుకోగలిగేది స్వయంచాలక పరీక్ష మాత్రమే.

ముగింపు:

1. పైప్‌లైన్ విడుదలలోని మానవ పొరపాట్లను తగ్గిస్తుంది. కాని దాని విశ్వసనీయత పరీక్షల నాణ్యతపై ఆధారపడి ఉంటుంది.
2. సంయుక్తాక్షరాలు, గుణింతాలు, అకారాది క్రమం, విభాజక సంకేతాలకు సంబంధించిన పరీక్షల జాబితాను రూపొందించడానికి లిపిజ్ఞానం అవసరం. ఈ పని ప్రోగ్రామర్లు ఒంటరిగా చేయగలిగింది కాదు.
3. విశ్వవిద్యాలయాల తెలుగుశాఖలు ఇటువంటి జాబితాలను సిద్ధపరచి స్వేచ్ఛగా అందుబాటులో ఉంచితే, వాటిని ఏ సంస్థ అయినా తన పైప్‌లైన్‌లో చేర్చుకోవచ్చు. వ్యాకరణ పరిశోధనకు ఇది ప్రత్యక్ష ప్రయోజనమున్న కొత్త క్షేత్రం.