కోనసీమ నుంచి ఆన్‌లైన్ అమ్మకాలు: కొత్తగా ప్రారంభించేవారు తెలుసుకోవలసిన అంశాలు

అమలాపురం: ఆత్రేయపురం పూతరేకులు, అంబాజీపేట కొబ్బరి, బండారులంక చేనేత వస్త్రాలు, రాజోలు వైపు గ్రామాల లేసు అల్లికలు కోనసీమకు పేరు తెచ్చిన ఉత్పత్తులు. వీటిని తయారుచేసేవారికి దూరపు కొనుగోలుదారుని చేరడానికి చాలాకాలం వర్తకుడే ఆధారంగా ఉండేవాడు. నేడు చేతిలోని ఫోను ద్వారా నేరుగా అమ్ముకొనే వీలు కలిగింది. అయితే సరుకు నాణ్యత ఒక్కటే వ్యాపారాన్ని నిలబెట్టదు. పన్ను నిబంధనలు, ప్యాకింగు, రవాణా ఖర్చు తెలియక దిగినవారు చిన్న పెట్టుబడిని సైతం కోల్పోయే ప్రమాదమున్నది. పూతరేకులను ఉదాహరణగా తీసుకొని ఈ అంశాలను పరిశీలించవచ్చు.

పేరుకు చట్టబద్ధ రక్షణ

కొత్తపేట నియోజకవర్గంలోని ఆత్రేయపురంలో బోర్లించిన కుండపై బియ్యపు పిండి జాలులో తడిపిన గుడ్డను పరచి రేకు తీస్తారు. ఈ పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల ఉత్పత్తిదారుల సంక్షేమ సంఘం పేరిట ఈ నమోదు జరిగింది. ఊరి పేరును ఇతరులు తప్పుదోవ పట్టించే విధంగా వాడుకోకుండా 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం రక్షణ కల్పిస్తున్నది.

సంఘానికి గుర్తింపు వచ్చినంత మాత్రాన ప్రతి తయారీదారుకూ ఆ హక్కు దానంతట అదే సంక్రమించదు. చెన్నైలోని భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా ఎవరికి వారు నమోదు కావలసి ఉంటుంది. 2020 నియమావళి సవరణలో ఈ దరఖాస్తు రుసుమును 500 రూపాయల నుంచి 10 రూపాయలకు తగ్గించడం గమనార్హం.

ముందుగా చేయవలసిన నమోదులు

2020 జూలై 1న అమలులోకి వచ్చిన ఉద్యమ్ నమోదును ఆధార్ ఆధారంగా ఉచితంగా పొందవచ్చు. దీనికి మధ్యవర్తులకు సొమ్ము చెల్లించనవసరం లేదు. ఆహార పదార్థాలు ఇంటి వద్ద తయారుచేసి అమ్మేవారికి కూడా 2006 నాటి ఆహార భద్రత చట్టం వర్తిస్తుంది. వ్యాపార పరిమాణాన్ని బట్టి రిజిస్ట్రేషను గాని, లైసెన్సు గాని తీసుకొని, 14 అంకెల సంఖ్యను ప్యాకెట్టుపై ముద్రించవలెను.

తయారీదారు పేరు, చిరునామా, పదార్థాల వివరాలు, నికర బరువు, గరిష్ఠ చిల్లర ధర, తయారీ తేదీ, వాడవలసిన గడువు, శాకాహార చిహ్నం తప్పనిసరి. పూతరేకులలో నెయ్యి, జీడిపప్పు వాడినప్పుడు, పాల పదార్థాలు, గింజపప్పులు సరిపడనివారి కోసం ఆ విషయం విడిగా తెలుపవలసి ఉంటుంది. సరుకు వినియోగదారునికి అందే సమయానికి మొత్తం నిల్వ కాలంలో కనీసం 30 శాతం గాని, గడువుకు ముందు 45 రోజులు గాని మిగిలి ఉండేలా చూడాలని ఆహార భద్రత ప్రాధికార సంస్థ 2024 నవంబరులో ఆన్‌లైన్ ఆహార సంస్థలకు సూచించింది. కనుక ఆర్డరు వచ్చిన తరువాతే రేకులు చుట్టించడం కొత్తవారికి క్షేమకరం.

హైదరాబాదుకు పంపితే అంతర్రాష్ట్ర అమ్మకమే

ఎక్కువమంది పొరబడేది జి.ఎస్.టి. విషయంలోనే. ఆంధ్రప్రదేశ్‌లో సరుకుల వ్యాపారానికి 40 లక్షల రూపాయల వార్షిక టర్నోవరు వరకు నమోదు అవసరం లేదని చాలామందికి తెలుసు. కాని పన్ను వర్తించే సరుకును ఇతర రాష్ట్రానికి అమ్మితే సాధారణంగా టర్నోవరుతో నిమిత్తం లేకుండా నమోదు తప్పనిసరి. 2014 జూన్ 2 నుంచి తెలంగాణ వేరు రాష్ట్రమైనందున అమలాపురం నుంచి కాకినాడకు పంపిన పెట్టెకు, హైదరాబాదుకు పంపిన పెట్టెకు చట్టరీత్యా తేడా ఉన్నది. వాట్సాప్‌లో ఆర్డరు తీసుకొన్నా ఇదే నియమం. పన్ను లేని కొబ్బరికాయలకు మాత్రం ఈ చిక్కు లేదు.

ఆన్‌లైన్ వేదికల ద్వారా రాష్ట్రం లోపలే అమ్మే చిన్న వ్యాపారులకు 2023 అక్టోబరు 1 నుంచి వెసులుబాటు కల్పించారు. టర్నోవరు పరిమితికి లోబడినవారు పాన్ ఆధారంగా జి.ఎస్.టి. పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంటు సంఖ్య పొందితే, పూర్తి నమోదు లేకుండానే అమ్మవచ్చు. తొలి దశలో రాష్ట్ర పరిధిలో అమ్మి, గిరాకీ స్థిరపడిన తరువాత జి.ఎస్.టి. నమోదుతో బయటి రాష్ట్రాలకు విస్తరించడం ఒక సురక్షిత మార్గం.

బరువు కాదు, పెట్టె పరిమాణం

పూతరేకులు తేలిక, కాని సుకుమారం. విరగకుండా పెద్ద పెట్టెలో పంపవలసి వస్తుంది. కొరియరు సంస్థలు అసలు బరువు, పరిమాణపు బరువులలో ఏది ఎక్కువైతే దానికే చార్జీ వసూలు చేస్తాయి. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5,000తో భాగిస్తారు. 30, 25, 15 సెంటీమీటర్ల పెట్టె ఈ లెక్కన 2.25 కిలోలవుతుంది. లోపలి సరుకు ఒక కిలోయే అయినా చెల్లించవలసింది 2.25 కిలోలకే.

ధర నిర్ణయించే ముందు ముడి సరుకు, రేకులు తీసేవారి కూలి, పెట్టె, రవాణా, వేదిక కమీషను, విరిగి తిరిగివచ్చే సరుకు నష్టం కలిపి లెక్కించవలెను. సొంత ఇంటి మహిళల శ్రమను లెక్కలో వేయకపోతే, లాభంగా కనిపించేది వాస్తవానికి వారికి ఇవ్వని కూలి మాత్రమే.

మోసాల పట్ల జాగ్రత్త

పెద్ద ఆర్డరు ఇస్తామంటూ క్యూ.ఆర్. కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ నొక్కితే డబ్బు జమ అవుతుందని నమ్మించేవారున్నారు. యు.పి.ఐ. ద్వారా సొమ్ము స్వీకరించడానికి పిన్ అవసరం లేదు. పిన్ అడిగితే సొమ్ము ఖాతా నుంచి పోతున్నదని అర్థం. మోసపోయినవారు వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయవలెను. బ్యాంకు ఖాతాలో సొమ్ము జమ అయినట్లు స్వయంగా చూసుకొన్న తరువాతే సరుకు పంపడం ఉత్తమం.

నమోదులు, లేబులు, పెట్టె కొలత, ధర అనే క్రమంలో సిద్ధమై కొద్దిపాటి ఆర్డర్లతో మొదలుపెట్టినవారు తప్పులను తక్కువ ఖర్చులోనే దిద్దుకోగలుగుతారు. ఈ సమాచారం గ్రామ స్థాయికి చేరినప్పుడే ఆత్రేయపురం పేరుతో వచ్చే రాబడిలో రేకు తీసే చేతులకు న్యాయమైన వాటా దక్కే అవకాశం ఉంటుంది.