విశ్వాసం – ఉప్పాడ మగ్గం

విశ్వాసాన్ని ముందుగానే ఇవ్వాలా? అర్హత నిరూపితమైన పిదప ఇవ్వాలా? కాకినాడకు చేరువలోని ఉప్పాడ మగ్గాలు దీనికి సమాధానం చెబుతాయి.

అక్కడ మాస్టర్ వీవర్ విలువైన పట్టునూలును ముందుగానే నేతగాని చేతికిస్తాడు. ఒక్క చీర నేతకు వారాలు, ఒక్కొక్కప్పుడు నెలలు పడతాయి. నేసినంతకు కూలి దక్కుతుందని నేతగాడూ నమ్ముతాడు. ఎవరు మాట తప్పినా రెండు ఇళ్లకూ నష్టమే.

అయినా అది గుడ్డి నమ్మకం కాదు. జాందానీ నేతలో బుటా చీరకు ఇరువైపులా ఒకే తీరుగా కనిపిస్తుంది. లోపాన్ని దాచే చాటు ఉండదు. మగ్గాన్ని చూడని దూరపు కొనుగోలుదారు సైతం ఉప్పాడ పేరును నమ్మడానికి 2009లో లభించిన భౌగోళిక గుర్తింపు తోడ్పడుతున్నది.

కావున తొలి విశ్వాసం ఇచ్చేవాని ఔదార్యం. దానిని నిలుపుకోవడం పొందినవాని ధర్మం. నూలు చేతికి రానిదే నేతగాని నేర్పు, నిజాయితీ వెల్లడి కావు.