కంచె మీది రాకాసి మట్ట: కొన్ని విశేషాలు

తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి మీదుగా నగరి, పుత్తూరు వైపు వెళ్తుంటే మామిడితోటల గట్ల మీద, రాళ్ల గుట్టల వాలున ఓ మొండి మొక్క కనిపిస్తుంది. నిలువెత్తు మట్టలు, అంచుల వెంట కొక్కేల్లాంటి ముళ్లు, కొసన సూదిలాంటి నల్లటి ముల్లు. తెలుగువాళ్లు కిత్తనార అంటారు, రాకాసి మట్ట అంటారు. తమిళులకు ఇది ఆనైక్కత్తాళై. మేక కూడా మూతి పెట్టని ఈ మొక్క కథ మాత్రం చాలా దూరం వెళ్తుంది.

కలబందకు చుట్టం కాదు

చూడటానికి కలబందకు పెద్దన్నలా ఉన్నా ఇది వేరే కుటుంబం. కిత్తనార ఆస్పరాగస్ (పిల్లితీగ) కుటుంబానికి చెందింది. కలబంద మట్టను విరిస్తే పుటుక్కున విరిగి జిగురు కారుతుంది. కిత్తనార మట్ట అలా తెగదు, లోపలంతా నారే. దీని రసంలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. అది ఒంటికి తగిలితే దురద, మంట, దద్దుర్లు. కలబంద అనుకుని ముఖానికి పూసుకున్నారో, ఇక చెప్పక్కర్లేదు.

పుట్టిల్లు మెక్సికో

మన నేలలో ఇంతగా పాతుకుపోయినా ఇది ఇక్కడి మొక్క కాదు. మెక్సికో ఎడారి ప్రాంతాల నుంచి ఐరోపావాళ్ల ఓడలెక్కి లోకమంతా తిరిగింది. మన వైపు రైలుకూ దీనికీ ముడి ఉంది. దక్షిణాదిలో మొదటి రైలు 1856 జులై 1న మద్రాసు రాయపురం నుంచి బయల్దేరింది. ఆ రోజు నడిచిన రెండు బళ్లలో ఒకటి వాలాజా రోడ్డుకు, రెండోది తిరువళ్ళూరుకు వెళ్లాయి. పట్టాల మీదికి పశువులు రాకుండా రైలు కట్టల పక్కన ఈ మొక్కనే కంచెగా పెంచేవారు. అందుకే తమిళంలో దీనికి రైలు కత్తాళై అన్న పేరు కూడా ఉంది.

రాత్రిపూట ఊపిరి

చాలా మొక్కలు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి. ఆ సమయంలో నీరు కూడా ఆవిరైపోతుంది. కిత్తనార పగలంతా రంధ్రాలు మూసుకుని, చల్లబడిన రాత్రివేళ తెరుస్తుంది. అప్పుడు పీల్చిన బొగ్గుపులుసు వాయువును ఆమ్లంగా దాచుకుని, తెల్లవారాక ఎండ సాయంతో ఆహారంగా మార్చుకుంటుంది. రోహిణి కార్తెలో గడ్డి కూడా మాడిపోయిన గట్టు మీద ఇది ఒక్కటే పచ్చగా నిలబడే రహస్యం ఇదే.

జీవితంలో ఒక్కసారే పూత

నూరేళ్లకోసారి పూస్తుందన్నది పుకారే. నేలనూ నీటినీ బట్టి పది నుంచి ముప్పై ఏళ్లకు పూస్తుంది. మొవ్వు నుంచి ఓ కాడ లేచి చూస్తుండగానే పాతిక అడుగులకు పెరుగుతుంది. ఇన్నేళ్లు కూడబెట్టిన చక్కెరంతా ఆ కాడకే ఖర్చవుతుంది. పూత అయ్యాక తల్లి మొక్క ఎండిపోతుంది. అప్పటికే దాని మొదట్లో పిలకలు పుట్టి ఉంటాయి కాబట్టి వంశానికి లోటు రాదు. మెక్సికోలో ఈ జాతి మొక్కల పూలకు రాత్రివేళ గబ్బిలాలు వచ్చి పరాగసంపర్కం చేస్తాయి.

పూలదండలో మరదలు

ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు పూల కావళ్లు మోసుకుంటూ చిత్తూరు వైపు నుంచి కూడా భక్తులు తరలివస్తారు. పూలదండల్లో మనం కట్టే నేలసంపెంగ, అదే లిల్లీ, ఈ రాకాసి మట్టకు దగ్గరి బంధువు. దాని పుట్టిల్లూ మెక్సికోయే. వృక్షశాస్త్రజ్ఞులు ఇప్పుడు దాన్ని కిత్తనార ప్రజాతిలోనే చేర్చి అగేవ్ అమికా అంటున్నారు.

యుద్ధం తెచ్చిన గిరాకీ

1853లో క్రిమియా యుద్ధం మొదలయ్యాక బ్రిటన్‌కు రష్యా జనపనార కరువైంది. ఓడల తాళ్లకు కొత్త నారలు వెతకాల్సి వచ్చింది. 1855లో జాన్ ఫోర్బ్స్ రాయిల్ భారతదేశపు నార మొక్కల మీద పెద్ద పుస్తకమే అచ్చువేశాడు. అందులో కిత్తనారకూ చోటు దక్కింది. 1850లో మద్రాసు చిత్రకళాశాలను స్థాపించిన డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ ఇక్కడి నారల మీద ఎంతో శ్రద్ధ పెట్టినవాడు.

నూటికి నాలుగు పాళ్లు

వంద కిలోల మట్టలు కోస్తే దక్కే నార నాలుగు కిలోలకు మించదు. పల్లెల్లో మట్టలను నీళ్లలో నానబెట్టి, కుళ్లాక దంచి, కడిగి, ఎండబెట్టి నార తీసేవారు. ఆ నానుడు కంపు ఊరవతలికి కూడా కొట్టేది. ఆ నారతోనే పగ్గాలు, పలుపులు, ఉట్లు పేనేవారు. నైలాన్ తాడు వచ్చాక ఆ పని దాదాపు మూలబడింది. ఈ జాతి నార మొక్కల మీద పరిశోధనకు ఒడిశాలోని బామ్రాలో ప్రత్యేక కేంద్రం ఉంది.

అరవై రెండు మొక్కల వైభవం

నారకు పేరుమోసిన రకం సిసల్. 1893లో రిచర్డ్ హిండార్ఫ్ అనే జర్మన్ వెయ్యి సిసల్ పిలకలను తూర్పు ఆఫ్రికాకు తెప్పిస్తే బతికినవి 62. ఆ 62 నుంచే తోటలు విస్తరించి, నేటి టాంజానియా ఒకప్పుడు సిసల్‌లో ప్రపంచానికి మొదటి స్థానంలో నిలిచింది. ఇప్పుడా స్థానం బ్రెజిల్‌ది. మీరు ఎక్కే లిఫ్టు ఉక్కుతాడు నడిమధ్యన సిసల్ నార ఉండవచ్చు. బాణాలు విసిరే డార్ట్‌బోర్డు కూడా ఆ నారతో చేసిందే.

చిత్తూరు సరుకు, టెకీలా అనకూడదు

కిత్తనార మొదలును ఉడికించి, పులియబెట్టి, బట్టీ పడితే టెకీలా లాంటి మద్యం వస్తుంది. దక్కన్ పీఠభూమిలో పెరిగిన కిత్తనారతో డెస్మండ్ నజరెత్ చిత్తూరు జిల్లాలో బట్టీ పెట్టి, 2011లో డెస్మండ్‌జీ పేరుతో సరుకు దించాడు. అయితే టెకీలా అన్న పేరుపై 1974 నుంచి మెక్సికోకే హక్కు. అందుకే సీసా మీద ఆ మాట వేయలేదు.

నాటాలనుకుంటే

తల్లి మొక్క మొదట్లోని మూరెడు పిలకను తవ్వి, కోసిన చోటు నాలుగు రోజులు ఆరనిచ్చి నాటండి. ఎర్రనేల, గరపనేల బాగా నప్పుతాయి. నీరు నిలిచే పల్లంలో వేరు కుళ్లుతుంది. ఈ ప్రాంతానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి కాబట్టి మెరక చూసుకోవాలి. ఒక్కో మొక్క ఆరడుగుల మేర పరుచుకుంటుంది గనుక కంచెకు అంతంత ఎడం ఇవ్వండి. గుంపు పెరిగిపోకుండా ఏటా అదనపు పిలకలు తీసేయండి. కోసేటప్పుడు చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. పిల్లలు తిరిగే వాకిట్లో మాత్రం వద్దు. ముచ్చటగా ఉంటుందనుకుంటే నర్సరీల్లో ముళ్లులేని అగేవ్ అటెన్యువేటా దొరుకుతుంది, దాన్ని తెచ్చుకోండి. రాకాసి మట్టకు తగిన చోటు పొలం గట్టే.