పచ్చ పఫర్‌కు ఉప్పెంత?

అక్వేరియం దుకాణంలో గోల్డ్‌ఫిష్, గప్పీల తొట్టెల పక్కనే మూడు నాలుగు సెంటీమీటర్ల గుండ్రటి చేప ఒకటి తరచూ కనబడుతుంది. మెరిసే ఆకుపచ్చ వీపు, దాని నిండా నల్లని చుక్కలు, తెల్లటి పొట్ట, దేనికది విడిగా తిరిగే రెండు కళ్లు. గాజు దగ్గరికి ఎవరొచ్చినా తేరిపార చూస్తుంది. ఆ చూపుకే చాలామంది పడిపోయి కొనేస్తారు. మంచినీళ్లలో పెరుగుతుందా అని అడిగితే దుకాణదారు తొట్టె చూపిస్తాడు: కళ్లముందు బతికే ఉంది కదా, ఇంకేం కావాలి? ఆ సాక్ష్యాన్ని కాస్త పరీక్షించాలి. చుక్కల పచ్చ పఫర్ అనే ఈ చేప మంచినీళ్లలో బతకగలదు, అందులో అబద్ధం లేదు. కానీ బతకగలదు గనుక అక్కడే పెంచవచ్చు అనడంలో తర్కం తప్పుతోంది.

శాస్త్రవేత్తలు డైకోటోమిక్టెరె నైగ్రోవిరిడిస్ అనే ఈ చేప పాత పుస్తకాల్లో టెట్రాడాన్ పేరుతో ఉంటుంది. 2004లో దీని జన్యుక్రమం నేచర్ పత్రికలో వెలువడింది. మనిషి జన్యుక్రమంలో మూడు వందల కోట్లకు పైగా అక్షరాలుంటే దీనిలో ఉన్నవి సుమారు 34 కోట్లే. వెన్నెముక ఉన్న జీవుల్లో తెలిసినంతలో అతి పొట్టి జన్యుక్రమాల్లో ఇదొకటి. ప్రయోగశాలలో ఇంత పేరున్న చేపకు ఇళ్లలో సరైన నీళ్లే దొరకకపోవడం విచిత్రం. శ్రీలంక నుంచి ఇండోనేషియా దాకా నదులు సముద్రంలో కలిసే మొగలు, మడ అడవుల కాలువలు దీని చోటు. అలాంటి చోట నీటి రుచి పూట పూటకూ మారుతుంది. మన గోదావరినే తీసుకుంటే, ఆగస్టు వరదలో మొగ దగ్గర కూడా ఎర్రటి మంచినీళ్లే పారతాయి. వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట కింద ప్రవాహం సన్నగిల్లాక సముద్రపు పోటు పాయల్లోకి ఎగదన్ని నీళ్లు ఉప్పనవుతాయి. అటువంటి మొగలో కాపురముండే చేపకు మంచినీటినీ ఉప్పునీటినీ తట్టుకునే ఒళ్లు లేకపోతే కుదరదు. పఫర్‌కు ఆ ఒళ్లుంది, దుకాణంలో సాక్ష్యంగా చూపేదీ దాన్నే.

తట్టుకోవడానికి ఒళ్లు ఎంత ఖర్చు పెడుతోందన్నదే అసలు ప్రశ్న. ఇలాంటి చేపల రక్తంలో కరిగిన లవణాల గాఢత సముద్రపు నీటి గాఢతలో దాదాపు మూడో వంతు. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పుంటుంది గనుక, రక్తంతో సమానమైన నీళ్లంటే లీటరుకు పది పన్నెండు గ్రాముల ఉప్పున్నవన్నమాట. మంచినీళ్లలో ఉన్నంతసేపూ నీరు మొప్పల గుండా చేప ఒంట్లోకి చొరబడుతూనే ఉంటుంది, లవణాలు బయటికి జారిపోతూనే ఉంటాయి. చిల్లు పడ్డ పడవలో ఒక చేత్తో నీళ్లు తోడుతూ ఇంకో చేత్తో తెడ్డు వేస్తున్నట్టుంటుంది దాని బతుకు. మూత్రపిండాలు ఆ నీటిని బయటికి పంపాలి, మొప్పల్లోని ప్రత్యేక కణాలు నీళ్లలో దొరికే కాసింత సోడియాన్ని, క్లోరైడును ఏరి తెచ్చుకోవాలి. సముద్రంలో ఇదే కథ తలకిందులు: నీళ్లు తాగాలి, వాటితో వచ్చిన ఉప్పును మొప్పల్లోంచి నెట్టేయాలి. రెండు పనులూ సోడియం-పొటాషియం పంపు అనే ఎంజైమ్ మీద ఆధారపడతాయి, అది కణాల శక్తిని తిని పని చేస్తుంది. తైవాన్‌లో ఈ చేపనే వేర్వేరు ఉప్పుల నీళ్లలో ఉంచి చూసినప్పుడు మంచినీళ్లలో మూత్రపిండాల్లోనూ, సముద్రపు నీటిలో మొప్పల్లోనూ ఆ పంపు జోరు పెరిగినట్టు తేలింది.

ప్రయోగాలే తట్టుకుంటుందని చెబుతున్నాయి గదా, ఇక అభ్యంతరమేమిటని అడగవచ్చు. అవి కొలిచేది కొన్ని రోజుల ఓర్పును. ఆ రోజుల్లో ఏ అవయవం మీద ఎంత బరువు పడిందో చెబుతాయి. వరద తగ్గి మళ్లీ పోటు వచ్చేదాకా నెట్టుకురావడానికి మొగలో ఆ ఓర్పు సరిపోతుంది. ఇంటి తొట్టెలోకి పోటు ఎప్పటికీ రాదు. సరిగ్గా చూసుకుంటే ఈ చేప పదేళ్లు బతుకుతుంది. ఏళ్ల తరబడి పెంచినవాళ్లు చెప్పేదేమంటే, మంచినీళ్లలోని పఫర్‌కు రంగు మాసిపోతుంది, పొట్ట నల్లబడుతుంది, తెల్లచుక్కల జబ్బు, బూజు మాటిమాటికీ అంటుకుంటాయి. ఇది నియంత్రిత ప్రయోగం ఇచ్చే రుజువులాంటిది కాదు, మంచినీళ్లలో ఏళ్లు గడిపిన చేపలూ లేకపోలేదు. అయినా శరీరధర్మం చెబుతున్నదీ, పెంచినవాళ్ల అనుభవం చెబుతున్నదీ ఒకే వైపు చూపిస్తున్నప్పుడు, ఒకటి రెండు గట్టి పిండాలను చూసి నియమం రాసుకోవడం వివేకం అనిపించుకోదు.

ఇక మనవాళ్లు తరచూ అనే మాట: మా బోరు నీళ్లు ఎలాగూ ఉప్పగానే ఉంటాయి. భారతీయ ప్రమాణాల ప్రకారం వేరే దారి లేనప్పుడు తాగడానికి అనుమతించే గరిష్ఠ పరిమితి లీటరుకు 2,000 మిల్లీగ్రాముల కరిగిన పదార్థాలు, అంటే రెండు గ్రాములు. నాలుకకు ఉప్పగా తగిలే ఆ నీళ్లు పఫర్ లెక్కలో ఇంకా మంచినీళ్లే. పిల్ల చేపకు లీటరుకు ఏడెనిమిది గ్రాములతో మొదలుపెట్టి, ఎదిగేకొద్దీ పదిహేను, ఇరవై దాకా వారాల వ్యవధిలో మెల్లగా పెంచడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి. అయితే వంటింటి ఉప్పే వేద్దామా? వద్దు. దీనికి మంచి జవాబు భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతులనడిగితే తెలుస్తుంది. ఉప్పు తక్కువున్న నీళ్లలో వెనామీ రొయ్యలు పెంచేటప్పుడు వాళ్లు సెలినిటీ (ఉప్పదనం) అంకె ఒక్కటే చూసి ఊరుకోరు. మెగ్నీషియం, పొటాషియం తగ్గితే గుల్ల విడిచిన రొయ్య కోలుకోదని మినరల్ మిక్స్ చల్లుతారు. సముద్రపు నీటిలో అవన్నీ పాళ్ల ప్రకారం ఉంటాయి, వంట ఉప్పులో ఉన్నది ప్రధానంగా సోడియం క్లోరైడే. కనుక సముద్రపు అక్వేరియాల కోసం అమ్మే ఉప్పే కొనాలి. కొలవడానికి రొయ్యల చెరువుల దగ్గర వాడే రిఫ్రాక్టోమీటరే ఇక్కడా పనికొస్తుంది. ఒక చిన్న మెలకువ: నీళ్లు ఆవిరైతే ఉప్పు ఆవిరి కాదు, అందుకని తగ్గిన మట్టాన్ని ఉప్పు కలపని నీళ్లతోనే నింపాలి.

ఉప్పు ఒక్కటీ సరిచేస్తే సరిపోదు, ఎందుకంటే ఇది వేటాడే చేప. కలిసిపోయిన నాలుగు పళ్లు చిలుక ముక్కులా మారి, బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. నత్తలు, పీతలు, గుల్లలు, తలతో సహా రొయ్యలు కొరుక్కుతింటేనే అవి అరుగుతాయి. పొట్లాంలో అమ్మే మేత గుళికలతో పెరిగిన పఫర్‌కు పళ్లు పెరిగిపోయి చివరికి నోరే తెరుచుకోదు. ఇంత మాంసం తినే చేప విసర్జించే అమోనియా కూడా ఎక్కువే, పైగా ఉప్పునీటి క్షారగుణం వల్ల అమోనియా మరింత విషమవుతుంది. అందుకే చేపను తేవడానికి నాలుగైదు వారాల ముందే ఫిల్టరు నడిపి, అమోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియాను పెంచుకోవాలి. తోడు లేక దిగులుపడుతుందేమోనని ఇంకో చేపను వేస్తే దాని రెక్కలు రెండు రోజుల్లో చీలికలు పేలికలవుతాయి. పదిహేను సెంటీమీటర్లకు ఎదిగే ఈ ఒక్క చేపకే వంద లీటర్లకు పైబడిన తొట్టె కావాలి, గాజుతో, ఇసుకతో కలిపి అది టీవీ స్టాండు మోసే బరువు కాదు. ఉబ్బితే చూడ్డానికి సరదాగా ఉంటుందని నీళ్లలోంచి పైకి తీయడం మాత్రం ప్రాణాంతకం, మింగిన గాలి ఒక్కోసారి తిరిగి బయటికి రాదు.

ఇంత ఏర్పాటు కుదరనివాళ్లకు మంచినీళ్లలోనే పుట్టి మంచినీళ్లలోనే పెరిగే పఫర్ ఒకటుంది: కేరళ నదుల్లో ఉండే మరుగుజ్జు పఫర్, మూడు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ. అక్వేరియాల కోసం విపరీతంగా పట్టడం కూడా ఒక కారణమై అది ముప్పున్న జాతుల జాబితాలో చేరింది. కానీ పచ్చ పఫర్‌లా కాకుండా, ఇది తొట్టెల్లో సులువుగానే గుడ్లు పెట్టి పిల్లల్ని కంటుంది. కొనేముందు నదిలో పట్టినవా, తొట్టెలో పుట్టినవా అని అడిగి, రెండో రకమే తెచ్చుకోవచ్చు.