నలభైలలో బాడ్మింటన్

2017లో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో మన సింధు, జపాన్ క్రీడాకారిణి ఒకుహారా 110 నిమిషాలు పోరాడారు. రెండో గేము చివర ఒక్క పాయింటు కోసం 73 స్ట్రోకులు ఆడారు. సింధు ఓడినా, ఆ ఆట చూసి మురిసిపోని తెలుగువారు లేరు.

స్మాష్ కోసం ఎగరాలి, దిగీదిగగానే నెట్టు దగ్గరకు ఉరకాలి, మళ్ళీ వెనక్కి పరుగెత్తాలి. అడుగడుగునా ఒంటి బరువుకు మించిన భారం కాళ్ళ మీదే పడుతుంది. చిన్ననాటి నుంచీ సాధన చేసినవారికే ఇది కష్టం. గోపీచంద్ మోకాలి శస్త్రచికిత్సలు చేయించుకుని, ఆ తరువాతే 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు.

మరి మనమో? వారమంతా కుర్చీలో కూర్చుని, శనివారం ఒక్కసారిగా కోర్టులోకి దూకుతాం. పిక్కను మడమకు కలిపే అకిలిస్ టెండన్ తెగేది ఇలాగే. కిందటేడు పండుగ పోటీల్లో నాకూ తెగింది. వెనకనుంచి ఎవరో తన్నినట్లయి తిరిగి చూశాను, ఎవరూ లేరు! కుంటుతూ నడవగలిగాను కదా అని, బెణుకేననుకుని రెండు రోజులు ఐసు పెట్టుకున్నాను. డాక్టరునై ఉండీ! దీపం కింద చీకటంటే ఇదే. కోర్టులోకి మళ్ళీ అడుగుపెట్టడానికి తొమ్మిది నెలలు పట్టింది.

కనుక మిత్రులారా, ఆటకు ముందు పది నిమిషాలు ఒళ్ళు వేడెక్కించండి. వారంలో మూడు రోజులు మెట్టు అంచున మునివేళ్ళపై నిలబడి, మడమలు మెల్లగా దించుతూ పిక్కలకు బలమివ్వండి. దెబ్బ తగిలాక ఆ కాలి మునివేళ్ళపై లేవలేకపోతే అదే రోజు డాక్టరుకు చూపించండి. ఈసారి పోటీల్లో నేను అంపైరుని. మీరంతా రెండు కాళ్ళతో ఇంటికి నడిచి వెళ్ళాలని నా కోరిక.