గుడ్డు పెంకులో పచ్చని జుట్టు



జ్వరం తగ్గినా నీరసం తీరని పిల్లల్ని ఇంటిపట్టున కూర్చోబెట్టడం ఎంత కష్టమో మీకు తెలుసు. అలాంటి పిల్లలకు ఖర్చు లేని ఒక సరదా పని చెబుతాను.

కావలసినవి: గుడ్డు పెంకు, దూది, అర చెంచా ఆవాలు, స్కెచ్ పెన్ను, పెంకు నిలబెట్టడానికి చిన్న గిన్నె.

చేసే విధానం: ఆవాలు ముందురోజు రాత్రి నానబెట్టండి. గుడ్డు పైభాగం మాత్రమే పగలగొట్టి, సొన వంటకు వాడుకోండి. పెంకును పది నిమిషాలు నీళ్ళలో మరిగించి ఆరబెట్టండి. పచ్చిగుడ్డు పెంకు మీద విరేచనాలు కలిగించే క్రిములు ఉండవచ్చు కనుక ఇంతవరకు పెద్దలే చేయాలి. తరువాత పిల్లలు పెంకు మీద కళ్ళు, ముక్కు, నోరు గీస్తారు. తడిపి పిండిన దూది లోపల పెట్టి, పైన ఆవాలు పరచి, కిటికీ దగ్గర ఉంచండి. రోజూ కొద్దిగా నీళ్ళు చిలకరిస్తే చాలు. ఎక్కువైతే గింజలు కుళ్ళిపోతాయి. రెండు మూడు రోజుల్లో మొలకలు, వారానికి బొమ్మకు పచ్చని జుట్టు వస్తాయి. కత్తెరతో క్షవరం కూడా చేయవచ్చు!

మట్టి లేకుండా ఎలా పెరిగింది? గింజ నీరు పీల్చి ఉబ్బుతుంది, తొక్క చిట్లుతుంది, ముందుగా వేరు వస్తుంది. మొదటి రోజులకు కావలసిన ఆహారం గింజలోనే దాచి ఉంటుంది. ఇంకో పెంకును చీకటి అలమరాలో పెట్టి చూపించండి. ఆ మొక్కలు పాలిపోయి, సన్నగా, పొడవుగా సాగుతాయి. పచ్చదనానికి వెలుతురు కావాలని పిల్లలకు మీరు వేరే చెప్పనక్కరలేదు.

ముఖ్యమైన జాగ్రత్తలు: నా సర్వీసులో ముక్కులో శనగగింజ పెట్టుకున్న పిల్లల్ని చాలామందినే చూశాను. దూదిలో ఉబ్బిన గింజ ముక్కులోని తడికి కూడా ఉబ్బుతుంది. అప్పుడు వేలు, పుల్ల పెట్టి తీయబోకండి, లోపలికి పోతుంది. చెవిలో అయితే నీళ్ళు పోయకండి. బిడ్డను నోటితో గాలి పీల్చమని చెప్పి ఆసుపత్రికి తీసుకురండి. ఊపిరి ఆడకపోతే, గింజ గొంతులోకి పోయిందని అనుమానమున్నా, క్షణం ఆలస్యం చేయకండి. అయిదేళ్ళలోపు పిల్లల్ని గింజలతో ఒంటరిగా వదలవద్దు.

వంటింటి ఆవాలే వాడండి. పొలానికి తెచ్చిన మందు పట్టించిన విత్తనాలు వద్దు. ఆముదం, గురివింద గింజలు విషం, వాటిని పిల్లలకు అందనీయకండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించండి.

రేపు ఉదయం నిద్ర లేవగానే మీ బిడ్డ మందు సీసా వైపు కాక కిటికీ వైపు చూస్తే, ఈ అర చెంచా ఆవాలు వృథా కానట్టే.