మగనత్తలు ఏ చెరువులో ఎక్కువ?

పై తరగతి ఉపాధ్యాయులకు, ఇంట్లో చదివించే తల్లిదండ్రులకు

సైన్సు మాట రాగానే మన పిల్లలు ఇంగ్లీషులోకి వెళ్లిపోతారు. వాళ్లని తప్పుపట్టలేం, ఆ సంగతులు తెలుగులో వాళ్లకి చెప్పినవాళ్లు తక్కువ. ఈ పాఠం అందుకోసమే.

ముందు ‘పరాన్నజీవి’ అనే మాటను విడదీయించండి. పర + అన్న = పరాన్న. ఇతరుల అన్నం తిని బతికే జీవి. సంధి, సైన్సు రెండూ ఒకేసారి వస్తాయి.

విషయం

న్యూజిలాండ్ సరస్సుల్లో, వాగుల్లో బియ్యపు గింజంత నత్త ఒకటి ఉంది. దాని శాస్త్రీయ నామం పొటమోపిర్గస్ ఆంటిపోడేరమ్. ఇందులో రెండు రకాలు. మొదటి రకంలో ఆడ, మగ రెండూ ఉంటాయి, జతకడితేనే పిల్లలు. రెండో రకంలో దాదాపు అన్నీ ఆడవే. మగతోడు లేకుండానే, అచ్చుగుద్దినట్టు తమలాంటి ఆడపిల్లలనే కంటాయి.

బోర్డు మీద లెక్క వేయండి. ఒక్కో ఆడనత్తకి 2 పిల్లలు అనుకుందాం. 10 ఆడనత్తలుంటే 20 పిల్లలు. 5 ఆడ, 5 మగ ఉంటే 10 పిల్లలే. ఈ లెక్కన మొదటి రకం ఎప్పుడో కనుమరుగైపోవాలి కదా! మరి ఎందుకు పోలేదు? ఇక్కడ ఆగి, పిల్లల్ని చెప్పనివ్వండి.

1987లో కర్టిస్ లైవ్లీ అనే శాస్త్రవేత్త ఒక సంగతి చూపించారు. పరాన్నజీవి పురుగుల బెడద ఎక్కువ ఉన్న సరస్సుల్లో మగనత్తల శాతం కూడా ఎక్కువ. ఆ పురుగు గుడ్లు బాతు రెట్టలో ఉంటాయి. నత్త మేతతోపాటు వాటిని మింగుతుంది. పురుగు సోకిన నత్త బతికే ఉంటుంది గానీ ఇక పిల్లల్ని కనలేదు. ఆ నత్తని బాతు తింటే పురుగు బాతు కడుపులో పెద్దదవుతుంది.

తాళం పోలికతో చెప్పండి. వీధిలో ఇళ్లన్నిటికీ ఒకటే తాళమైతే దొంగకి ఒక్క తాళంచెవి చాలు. ఒకేలాంటి నత్తలు బాగా పెరిగితే పురుగులు కాలక్రమంలో వాటికే అలవాటు పడతాయి. తల్లీతండ్రీ కలిసి కన్న పిల్లలు ఒక్కొక్కటీ ఒక్కో తీరు, అంటే ప్రతి ఇంటికీ కొత్త తాళం.

జాగ్రత్త

పురుగు సోకితే ఆడనత్త మగనత్తగా మారుతుందని పిల్లలు అనుకుంటారు. అది తప్పు. పురుగులున్న చోట మొదటి రకం నిలదొక్కుకుంటుంది, మగవి ఉండేది ఆ రకంలోనే. అలాగే, జంతువులన్నిటిలోనూ మగవి ఉండటానికి ఇదొక్కటే కారణమని చెప్పకండి.

మన దగ్గర

ఈ నత్త మనం ఉంటున్న అమెరికాకీ వచ్చింది. 1987లో ఐడహోలోని స్నేక్ నదిలో కనిపించి, పడమటి రాష్ట్రాల్లో చాలాచోట్లకి పాకింది. ఇక్కడ ఉన్నవి మగతోడు అక్కర్లేని రకం. బూటుకి అంటుకున్న ఒక్క నత్త చాలు, కొత్త వాగులో సంతతి మొదలవడానికి. పిల్లల్ని వాగు దగ్గరికి తీసుకెళ్తే, తిరిగొచ్చేముందు బూట్లు, వలలు బ్రష్‌తో రుద్ది, బురద వదిలించి, ఇంటికొచ్చాక పూర్తిగా ఆరబెట్టండి. ఎందుకు రుద్దుతున్నామో పిల్లల చేతే తెలుగులో చెప్పించండి.